హైదరాబాదులో బంతి, జీనియా, పెటూనియా విత్తడానికి ఫిబ్రవరి వరకు ఆగాలా?

ప్యాకెట్టు మీద "ఆఖరి మంచు దాటాకే విత్తండి" అని ఉందని, అందుకే ఈ మూడు రకాల విత్తనాలనూ చలి తగ్గాక ఫిబ్రవరిలో వేద్దామనుకుంటున్నానని మీరు రాశారు. మల్కాజిగిరిలో మా మిద్దె మీద పదకొండేళ్లుగా పూలమొక్కలు పెంచుతున్నాను. మొదట్లో నేనూ అలాగే ఆగి నష్టపోయాను గనుక చెబుతున్నాను, దయచేసి ఆగకండి.

పొగమంచునూ, తెల్లవారుజామున ఆకుల మీద నిలిచే బిందువులనూ, గడ్డకట్టిన మంచునూ మనం 'మంచు' అనే ఒకే మాటతో పిలుస్తాం. ప్యాకెట్టు చెప్పేది మూడోదాని గురించి: రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నాకు పడిపోయి, ఆకు కణాల్లోని నీరు గడ్డకట్టి, తెల్లవారేసరికి మొక్క ఉడికించిన తోటకూరలా నల్లబడి వాలిపోయే పరిస్థితి. బేగంపేటలో నమోదైన కనిష్ఠ ఉష్ణోగ్రత, 1946 జనవరి నాటిది, 6.1 డిగ్రీలు; అంటే అక్కడ సున్నాకు ఎన్నడూ దిగలేదు. పటాన్‌చెరు వంటి శివార్లలో చలి ఇంకొంత ఎక్కువగా ఉంటుంది గాని, ఆ పూలకు నగరంలో అసలైన గండం ఏప్రిల్, మే నెలల ఎండ. కాబట్టి చలి ఎప్పుడు పోతుందని కాక, ఎండ ఎప్పుడు ముదురుతుందని చూసుకుని అక్కడి నుంచి వెనక్కి లెక్కించాలి.

పెటూనియా విషయంలో ఈ లెక్క మరీ ముఖ్యం, ఎందుకంటే విత్తిన నాటి నుంచి పూతకు దానికి పది పన్నెండు వారాలు పడుతుంది. ఆగి నష్టపోయానన్న ఆ ఏడాది నేను జనవరి చివర విత్తాను. గసగసాల కన్నా చిన్నవైన ఆ విత్తనాలను తడి కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) మీద చల్లి, మట్టి కప్పకుండా, రోజూ తుంపరగా నీళ్లు చిలకరించి నలభై మొక్కల దాకా బతికించుకున్నాను. ఏప్రిల్ మొదటి వారంలో మొగ్గలు కనిపించాయి. మధ్యాహ్నం రెండు గంటలకు కుండీ అంచు చేయి పెట్టలేనంత కాలుతుంటే, మొగ్గలు విచ్చకుండానే కాగితంలా ఎండిపోయాయి. పది రోజుల్లో మొక్కలూ పోయాయి. అదే రకాన్ని మరుసటి ఏడాది సెప్టెంబరు చివర విత్తితే డిసెంబరు మధ్య నుంచి మార్చి దాకా విడవకుండా పూసింది.

బంతిని నేను దసరా నుంచి 70 రోజులు వెనక్కి లెక్కించి, అంటే పండుగ తేదీని బట్టి జులై రెండో సగం నుంచి ఆగస్టు మధ్యలోపు, నారు పోస్తాను. 25 రోజుల నారును నాటి, కుదురుకున్నాక తల చిగురు తుంచితే పక్క కొమ్మలు వేసి బతుకమ్మకు సరిపడా పూలిస్తుంది. పట్టుకుచ్చు పూలకూ దాదాపు ఇదే సమయం. వానాకాలంలో నారుకుళ్లు (మొలకలు మొదట్లో కుళ్లి పడిపోయే తెగులు) బాధ ఉంటుంది కాబట్టి, నీరు నిలవని మట్టి కలుపుకోండి.

ప్యాకెట్టు మాటలో మనకు పనికివచ్చేది ఒకటుంది: మొక్కకు ప్రాణహాని లేకపోయినా చల్లని మట్టి విత్తనాన్ని మందగింపజేస్తుంది. జులైలో ఐదో రోజున మొలిచే బంతి, డిసెంబరు చివర నాకు పది రోజులు తీసుకుంది. ఆ చలిలోనే జీనియా ఆకులకు బూడిద తెగులు కూడా పట్టుకుంటుంది. అందుకే డిసెంబరు రెండో సగంలోనూ జనవరిలోనూ నేను కొత్తగా ఏదీ విత్తను.

ఫిబ్రవరి విత్తుకు మీ మూడింటిలో జీనియా ఒక్కటే తగినది, అదీ మధ్యాహ్నం నీడ అందితేనే. నడి వేసవిలో పూలు కావాలంటే బిళ్ళ గన్నేరు, గడ్డి గులాబీ పెట్టుకోండి. పెటూనియాను సెప్టెంబరు చివరి వారంలో విత్తండి. బంతి, జీనియాలలో సగం విత్తనాలు ఆ తర్వాతి పదిహేను రోజుల్లో వేసుకుని, మిగిలినవి గాలి చొరని సీసాలో, ఎండ తగలని చోట దాచండి. జీనియా ఫిబ్రవరికి, బంతి జులై, ఆగస్టులకు అక్కరకొస్తాయి.