కార్గో పైలట్ ఉద్యోగానికి అసలు పూచీ ఎక్కడుంది?

ప్రయాణికుల విమానాల పైలట్ల కంటే కార్గో పైలట్లకు ఉద్యోగ భద్రత ఎక్కువంటారు, నిజమేనా అని అడిగారు. కరోనా కాలంలో ప్రయాణికుల విమానాలు చాలావరకు నేల మీదే ఉండిపోయి, సరుకు విమానాలు తీరిక లేకుండా తిరిగినప్పటి నుంచి ఈ మాట బాగా ప్రచారంలో ఉంది. నేను ఒక దేశీయ కార్గో సంస్థలో, అది మూతపడే వరకు, కెప్టెన్‌గా పనిచేశాను. ఏ దేశపు విమానం ఎక్కడ సరుకు ఎక్కించుకోవచ్చో తేల్చే ట్రాఫిక్ హక్కుల మీదే ఈ ఉద్యోగం ఆధారపడి ఉంటుందని నా గట్టి అభిప్రాయం.

ఒక రాత్రి శంషాబాద్‌లో మా బోయింగ్ 737 సరుకు విమానం బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. గల్ఫ్‌కు వెళ్లవలసిన మందుల పెట్టెలు, వేడి తగలకుండా వెండిరంగు కవర్లు కప్పుకుని, వలలు బిగించిన ప్యాలెట్ల (సరుకు పేర్చే పలకల) మీద విమానం పక్కకు వచ్చేశాయి. సరుకు పెట్టే మెయిన్ డెక్ తలుపు తెరిచి ఉంది, కో పైలట్ ఇంధనం లెక్క చూసుకుంటున్నాడు. అంతలో సరుకు బుక్ చేసిన ఏజెంటు మనిషి ఫోను చెవి దగ్గర నుంచి తీయకుండానే వచ్చి, "ఏమీ అనుకోకండి సార్, పార్టీ వాళ్లు సరుకు వెనక్కి తెచ్చేయమంటున్నారు" అన్నాడు. మరుసటి రోజు రాబోతున్న విదేశీ చార్టర్ (అద్దెకు తిరిగే విమానం) కిలోకు మా కంటే తక్కువ ధర చెప్పిందట. ట్రాక్టర్ వచ్చి ఆ ప్యాలెట్లను మళ్లీ గోదాములోకి లాక్కుపోయింది. మేము బరువుల పట్టిక అయిన లోడ్ షీట్ మళ్లీ రాయించి, విమానం సమతూకాన్ని చూపే ట్రిమ్ మళ్లీ లెక్కగట్టి, సగానికి పైగా ఖాళీ డెక్‌తో ఎగిరాము. అలాంటి రాత్రులు పెరిగిన కొద్దీ జీతాలు ఆలస్యమై, చివరికి ఆగిపోయాయి.

ఆ చార్టర్ ఏ నిబంధననూ మీరలేదు. 1990లో మన ప్రభుత్వం సరుకు రవాణాకు తెచ్చిన ఓపెన్ స్కై విధానం ప్రకారం, కస్టమ్స్ సదుపాయమున్న విమానాశ్రయాలకు విదేశీ కార్గో విమానాలు ఎన్నయినా రావచ్చు, తమకు నచ్చిన ధర పెట్టుకోవచ్చు. 2005లో అమెరికాతో కుదిరిన ఒప్పందం మరింత ముందుకు వెళ్లి, ఆ దేశపు కార్గో సంస్థలు అమెరికాను తాకకుండానే భారత్ నుంచి మూడో దేశానికి సరుకు మోయవచ్చని ఒప్పుకుంది. కాగితం మీద మన సంస్థలకూ అక్కడ అదే హక్కు ఉంది కానీ, వాడుకోవడానికి అంతంత పెద్ద సరుకు విమానాలు మన దగ్గర ఏవి?

2020 అక్టోబరులో ప్రభుత్వం ఆ విధానాన్ని సవరించి, విదేశీ నాన్ షెడ్యూల్డ్ (నిర్ణీత వేళాపట్టిక లేని), చార్టర్ కార్గో విమానాలను బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, హైదరాబాద్, కోల్‌కతా, ముంబై విమానాశ్రయాలకే పరిమితం చేసింది. మిగతా ఊళ్లకు చార్టర్లు రాకపోతే ఎగుమతిదారులకు కలిగే ఇబ్బంది నాకు తెలియనిది కాదు. అయినా అది ముప్పై ఏళ్లు ఆలస్యంగా తీసుకున్న మంచి నిర్ణయమే. హైదరాబాద్ కూడా ఆ ఆరింటిలో ఉంది కనుక శంషాబాద్‌లో పోటీ మాత్రం తగ్గలేదు.

ఇంకో అన్యాయం కూడా చెప్పాలి. 2017లో విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ పెట్టిన నిబంధన ప్రకారం కెప్టెన్ ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలి. మా సంస్థ మాత్రం ఒక సాయంత్రం పంపిన ఈమెయిల్‌తో అందరినీ ఇంటికి పంపేసింది.

అందుచేత చేరబోయే సంస్థ సరుకును ఎక్కడి నుంచి ఎక్కడికి మోస్తుందో ముందు చూసుకోండి. 1944 నాటి అంతర్జాతీయ విమానయాన ఒప్పందమైన షికాగో ఒప్పందం ఏడో అధికరణం ప్రకారం, దేశంలోని రెండు ఊళ్ల మధ్య సరుకు మోయనివ్వకుండా విదేశీ విమానాలను నిరాకరించే హక్కు ప్రతి దేశానికీ ఉంది. 1996 నుంచి విమానాలు నడుపుతున్న బ్లూ డార్ట్, 2023 జనవరిలో హైదరాబాద్‌లో మొదలైన అమెజాన్ ఎయిర్‌కు విమానాలు నడిపే బాధ్యత తీసుకున్న క్విక్‌జెట్ ఈ గొడుగు కిందివే. ఎక్కువగా రాత్రి డ్యూటీలే అయినా, హైదరాబాద్ నుంచి ఢిల్లీకి వెళ్లే సరుకును విదేశీ చార్టర్ ఎత్తుకుపోవడం కుదరదు. గల్ఫ్ చార్టర్ల మీదే బతికే సంస్థ పెద్ద జీతం చూపిస్తే, తిరుగు ప్రయాణంలో సరుకుకు ఒప్పందం ఉందా, విమానం సొంతమా లీజుదా అని ఇంటర్వ్యూలోనే అడగండి. వాళ్లు నీళ్లు నమిలితే సంతకం పెట్టకండి.