కోడ్ చూసి క్యానిస్టర్ కొనకండి

ప్రశ్న: కారులో చెక్ ఇంజిన్ లైటు వెలిగింది. స్కాన్ చేస్తే పి0442 వచ్చింది. చార్‌కోల్ క్యానిస్టర్, పర్జ్ వాల్వ్, గొట్టాలు అన్నీ ఒకేసారి మార్చాలంటున్నారు. అత్యవసర నిధిలో మూడో వంతు పోతుంది. క్రెడిట్ కార్డు ఈఎంఐ పెట్టుకోవచ్చా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దు. పెట్రోలు ఆవిరిని బయటికి పోనివ్వని వ్యవస్థలో ఎక్కడో సుమారు 1 మిల్లీమీటరు రంధ్రమంత లీకు ఉందని మాత్రమే ఆ కోడ్ చెబుతుంది. ఏ భాగం పోయిందో చెప్పదు. ఆ ఆవిరిని బొగ్గుతో పట్టి ఉంచే డబ్బా చార్‌కోల్ క్యానిస్టర్, అక్కడినుంచి ఇంజిన్‌లోకి వదిలేది పర్జ్ వాల్వ్. పెట్రోలు వాసన వస్తున్నా, కారు కింద తడి కనిపించినా మాత్రం ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి, నిధిలోంచి తీసి వెంటనే బాగు చేయించండి. అవి లేకపోతే నింపాదిగా వెతకడానికి వ్యవధి ఉంది.

మొదట ట్యాంకు మూత చూడండి. లోపలి రబ్బరు రింగు పగిలితే, మూత కూర్చునే అంచు తుప్పు పడితే లీకు అక్కడే కావచ్చు. మూత మార్చిన మర్నాడే లైటు ఆరలేదని కంగారుపడకండి. చాలా కార్లలో బండి కొన్ని గంటలు చల్లబడి, ట్యాంకు సుమారు 15 నుంచి 85 శాతం మధ్య ఉంటేనే కంప్యూటర్ ఈ లీకు పరీక్ష మళ్లీ చేస్తుంది.

తర్వాత పర్జ్ వాల్వ్. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి, క్యానిస్టర్ వైపు గొట్టం ఊడదీసి, వాల్వ్ మూతికి వేలు అడ్డం పెట్టండి. గాలి లాగుతుంటే వాల్వ్ మూసుకోవడం లేదన్నమాట. పెట్రోలు పోయించిన వెంటనే బండి స్టార్ట్ కాక మొరాయించడమూ దాని లక్షణమే.

ఇవి రెండూ బాగుంటే డబ్బు పెట్టాల్సింది స్మోక్ టెస్టు మీద, అంటే గొట్టాల్లోకి పొగ పంపి అది ఎక్కడినుంచి బయటికొస్తుందో చూడడం. ఇక్కడే జాగ్రత్త అవసరం. క్యానిస్టర్‌లోకి బయటి గాలి వచ్చే దారిలోని వెంట్ వాల్వ్ మామూలుగా తెరిచే ఉంటుంది. స్కానర్‌తోనో, 12 వోల్టులిచ్చో దాన్ని మూయకుండా పొగ పంపితే పొగంతా అక్కడినుంచే వస్తుంది, బాగున్న క్యానిస్టర్‌కు చెడ్డపేరొస్తుంది. మీ ఎస్టిమేట్ అలా పుట్టిందేమో అడగండి. పొగ ఒత్తిడి 1 పీఎస్‌ఐ దాటకూడదు. టైర్లకు కొట్టే కంప్రెసర్ గాలి పెడితే ట్యాంకు ప్రెషర్ సెన్సర్ దెబ్బతినవచ్చు. పొగ వచ్చే చోటు ఫొటో తీసివ్వమనండి.

క్యానిస్టర్, పర్జ్ వాల్వ్ కలిపి మార్చడం నిజంగా అవసరమయ్యే సందర్భం ఒకటుంది. నాజిల్ ఆగాక కూడా పెట్రోలు నింపుతూ ఉంటే ద్రవం క్యానిస్టర్‌లోకి వెళ్లి లోపలి బొగ్గును పాడు చేస్తుంది. గొట్టంలో నల్లటి రేణువులు రాలితే వాల్వ్ ఒక్కటే మార్చడం దండగ, కొత్తదీ పూడుకుపోతుంది. ఆ ఖర్చు నిధిలోంచే పెట్టి, రెండు మూడు నెలల్లో తిరిగి నింపండి. నిధి చేతిలో ఉండగా వడ్డీ కట్టొద్దు.

కాలుష్య తనిఖీ దగ్గరపడిందని కోడ్ చెరిపించకండి. కంప్యూటర్ స్వీయ పరీక్షల ఫలితాలూ చెరిగిపోతాయి, వాటిని చూసే చోట బండిని వెనక్కి పంపేస్తారు.