ఆడ డాక్టరంటే గైనిక్కేనా?

ప్రశ్న: మా అమ్మాయికి పీజీలో అనస్తీషియా సీటు వచ్చింది. తను సంతోషంగానే ఉంది. కానీ మా అత్తగారి దగ్గర్నుంచి పక్కింటివాళ్ల దాకా అందరూ "ఆడపిల్ల డాక్టరైతే గైనిక్ చెయ్యాలి గానీ, థియేటర్లో మత్తు సూదులు పొడుస్తూ కూర్చుంటుందా?" అంటున్నారు. నాకు టెన్షన్ పట్టుకుంది. అసలు మొదట్నుంచీ ఆడ డాక్టర్లంటే కాన్పులకేనా?
– ఒక తల్లి, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి ఒక మాట చెప్పండి. ముప్ఫై ఏళ్లు మత్తు డాక్టర్‌గా పనిచేశాను. అర్ధరాత్రి సిజేరియన్ అంటే గైనిక్ డాక్టరమ్మకి ఫోన్ వచ్చిన రెండు నిమిషాలకి నాకూ వచ్చేది. నేను వెళ్లకపోతే ఆవిడ కత్తి పట్టుకునేది కాదు!

ఇక మీరడిగింది. అవును, మన దగ్గర ఆడవాళ్లని వైద్యం చదవనిచ్చిందే కాన్పుల పేరు చెప్పి. మద్రాసులో మేరీ షార్లీబ్ అని ఒక లాయరు గారి భార్య, ఇంగ్లీషావిడ ఉండేది. ఘోషాలో, అంటే పరదా చాటున ఉన్న ఆడవాళ్లు మగ డాక్టరు ముందుకు రారు, పురిట్లో ప్రాణాలు పోతున్నాయి అని తెలిసి, ముందు మంత్రసాని పని నేర్చుకుంది. అది చాలదనిపించి, 1875లో మరో ముగ్గురితో కలిసి మద్రాసు మెడికల్ కాలేజీలో చేరింది. సర్జన్ జనరల్ ఎడ్వర్డ్ బాల్ఫోర్ అడ్డుపడకపోగా సాయం చేశాడు. మూడేళ్లకి పట్టా పుచ్చుకుని బయటికొచ్చింది.

ఆవిడ కాలేజీలో చేరడానికి ఐదేళ్ల ముందు, 1870 నవంబరులో, స్కాట్లండులోని ఎడింబరోలో ఏమైందో తెలుసా? అనాటమీ పరీక్ష రాయడానికి వెళ్తున్న అమ్మాయిల మీద మగ విద్యార్థులు బురద చల్లారు. గేటు మూసేశారు. పరీక్ష జరుగుతున్న హాల్లోకి ఒక గొర్రెను తోలారు. అంత చేశాక కూడా ఆ యూనివర్సిటీ వాళ్లకి డిగ్రీలివ్వలేదు.

అలాగని మద్రాసు దొరలది పెద్ద మనసని అనను. వాళ్లకి అవసరం పడింది, అంతే. 1885లో వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పెట్టిన నిధి కూడా ఆడరోగులకి ఆడ డాక్టర్లని అందించడానికే. ఆ ఏడాదే షార్లీబ్ పూనికతో మద్రాసులో ఘోషా స్త్రీల కోసం ఆసుపత్రి వచ్చింది. పేరు మారినా ట్రిప్లికేన్‌లో దాన్ని ఇప్పటికీ ఘోషా ఆసుపత్రి అనే అంటారు. ఇదంతా మంచే. కాకపోతే "ఆడవాళ్లకి ఆడ డాక్టరు" అని అడిగి లోపలికి వచ్చినవాళ్లని ఆ ప్రసూతి వార్డు దాటి పోనివ్వడానికి ఎవరికీ మనసొప్పలేదు. మీ అత్తగారి మాట అక్కణ్ణుంచి వచ్చిందే.

అయితే ఆ రోజుల్లోనే మన హైదరాబాదులో ఒకావిడ ఆ వార్డులో ఆగలేదు. మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి: రూపాబాయి ఫర్దూన్‌జీ. పార్సీ ఇంటి అమ్మాయి. 1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చేరింది. 1889లో చదువు ముగించినప్పుడు ఇచ్చిన పట్టా పేరు 'హకీం'. అక్కడి ప్రిన్సిపాల్ ఎడ్వర్డ్ లారీకి క్లోరోఫారం, అంటే ఆ రోజుల్లో పీల్పించే మత్తుమందు, అంటే పిచ్చి. దానివల్ల ప్రాణాపాయం ఉందా లేదా తేల్చడానికి, నిజాం ప్రభుత్వం డబ్బుతో 1888లో ఒకటి, 1889లో ఒకటి, రెండు క్లోరోఫారం కమిషన్లు నడిపాడు. రెండోదానికి లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అంతటి పేరున్న డాక్టరు ఓడెక్కి వచ్చాడు. ఆ గొడవ మధ్యలో పని నేర్చుకుని, రూపాబాయి హైదరాబాదు ఆసుపత్రుల్లో క్లోరోఫారం ఇచ్చే డాక్టరైంది. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్ అని చాలామంది రాస్తారు. ఈ 'మొదటి' పందేలు నాకంత నచ్చవు. ఆవిడ పేరు విన్నప్పుడల్లా నాకు గుర్తొచ్చేది ఇంకోటి. 1909లో, ఉద్యోగంలో అంత అనుభవం వచ్చాక, ఎడింబరో వెళ్లి ఫిజిక్సు, కెమిస్ట్రీ చదివింది. మత్తుకి ప్రత్యేకంగా డిప్లొమా ఇంగ్లండులోనే 1935 దాకా లేదు. తను రోజూ ఇచ్చే ఆవిరి ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలంటే అదే దారి. అదీ ఎక్కడ? గొర్రెను తోలిన ఊళ్లో.

లారీ తన శిష్యులకి నేర్పింది ఒకటే: నాడి కాదు, ఊపిరి చూడండి. క్లోరోఫారం గుండెని ఆపదని ఆయన వాదన. అది తప్పని 1911లో లెవీ అనే డాక్టరు పిల్లుల మీద ప్రయోగాలు చేసి తేల్చాడు. కానీ ఊపిరి చూడమన్న సగం మాత్రం నిలబడింది. మా రోజుల్లో ఆక్సిజన్ ఎంతుందో చూపించే మానిటర్లు లేవు. పేషంటు తల దగ్గర స్టూలేసుకుని, ఛాతీ లేస్తోందా లేదా అని చూస్తూ గంటలు గడిపేదాన్ని. ఒక సర్జన్ గారు నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు, "ఏమ్మా గ్యాసూ, మొదలెట్టమంటావా?" అనేవారు. ఒకరోజు ఆయన కుట్లు వేస్తుండగా రోగి పెదాలు నల్లబడటం నా కంటబడి "ఆపండి" అని అరిచాను. చెయ్యి తీసేశారు. మర్నాటి నుంచి "డాక్టరు గారూ" అయ్యాను.

సీటు వదలొద్దనండి. రాత్రి డ్యూటీలు ఏ బ్రాంచిలోనైనా ఉంటాయి.

ప్రశ్న: మా నాయనమ్మ గుంటూరులో కుగ్లర్ ఆసుపత్రిలో పుట్టిందట. ఈ కుగ్లర్ ఎవరు, దొరా?
– ఒక పాఠకుడు, చిలకలూరిపేట

జవాబు: దొర కాదు బాబూ, దొరసాని. అన్నా కుగ్లర్, అమెరికా లూథరన్ మిషన్ డాక్టరు. చదివింది పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాలలో, 1879లో. ఏడేళ్ల తర్వాత మన ఆనందీబాయి జోషి పట్టా పొందిన కాలేజీ అదే. 1883లో గుంటూరు వచ్చింది. తమాషా ఏమిటంటే, పంపినవాళ్లు ఆవిణ్ణి వైద్యానికి పంపలేదు, జెనానా ఇళ్లలో, అంటే ఘోషా పాటించే ఇళ్లలో, ఆడవాళ్లకి చదువు చెప్పమన్నారు. మందులు తనే వెంట తెచ్చుకుంది. ఆసుపత్రి తలుపులు తెరిచేసరికి 1898 అయింది. ఆ తర్వాత, రోగుల వెంట వచ్చేవాళ్లు ఉండటానికి ఏలూరు జమీందారు భుజంగరావు గారు అక్కడ సత్రం కట్టించారు. మీ నాయనమ్మ పుట్టినప్పుడు వాళ్లమ్మ వైపువాళ్లు ఎక్కడ దిగారో, ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉంటే అడిగి చూడండి.