అల్లుడికి, కారు గేము మిషన్ గురించి

అల్లుడూ,

ఫోటోలు చూసినాను. బెంగళూరు గుజరీలో తూకానికి పోయే ఔట్ రన్ మిషన్ను కొని, లారీకెత్తించి అనంతపురం దించుకున్నావంటే మీ అమ్మ తిట్టక ముద్దు పెట్టుకుంటుందా? అక్క సంగతి నేను చూసుకుంటాలే. నువ్వు మాత్రం ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా దాని ప్లగ్గు గోడలో పెట్టొద్దు.

జపాన్ గేముల కంపెనీ సెగా వాళ్లు 1986లో వదిలిన ఆట అది. జపాన్ ఇళ్లలో కరెంటు 100 వోల్టులు, అమెరికాలో 120, మనకు 230. వెనక రేకు మీద ఎంతని రాసుందో చదివి, దానికి తగిన స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెచ్చుకో. ఫ్రిజ్జు స్టెబిలైజరు ఆ పని చేయదు. లోపల మానిటర్ కోసమని విడిగా ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే, కొత్తది వచ్చింది కదా అని దాన్ని పీకేయొద్దు. అంగట్లో దొరికే స్టెప్‌డౌన్లు చాలావరకు వోల్టేజీ తగ్గిస్తాయే గానీ మెయిన్స్‌తో తెగతెంపులు చేయవు. మానిటర్ చాసిస్, అంటే లోపలి సర్క్యూట్ బోర్డు మీద చెయ్యి పడిందంటే అంతే.

పిక్చర్ ట్యూబు తీసేసి ఎల్ఈడీ ప్యానెల్ బిగించుకోమని నీ స్నేహితుడు చెప్పినాడంటివే, అది నాకు నచ్చలా. ఆ మాత్రానికి ఫోన్లోనే ఆడుకోవచ్చు. అయినా అందులో ఉండేది మనకు తెలియని బ్రహ్మవిద్యేం కాదు, కలర్ టీవీయే. మన దూరదర్శన్ బొమ్మకు సెకనుకు 15,625 గీతలు. ఆ మిషన్‌దీ పదిహేను వేల పైచిలుకే. ట్యూబు నిజంగా చచ్చిందని తేలితే అప్పుడు చూద్దాం. అదే సైజు, అదే మెడ లావు, అవే బేసు పిన్నులు, మెడకు తొడిగే తీగచుట్ట, అదే యోకు, దాని కొలతలు కూడా కలిసే పాత టీవీ ట్యూబు ఒకటి వెతుకుదాం. మా కడప గుజరీలో ఇంకా పడున్నాయి.

అయితే ట్యూబు దగ్గర తొందరపడితే ఊరుకోను. వెనక రబ్బరు టోపీ కింద ఇరవై వేల వోల్టుల పైన ఉంటుంది, ప్లగ్గు తీసినా చాలాసేపు అట్లాగే కూర్చోనుంటుంది. పొడుగాటి స్క్రూడ్రైవరు ఇనుప కడ్డీకి వైరు కట్టి, రెండో కొస ట్యూబు చుట్టూ ఉండే అల్లిక తీగకు క్లిప్పు వెయ్యి. బోర్డు ఎర్తుకు కాదు, ఆ తీగకే. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకొని స్క్రూడ్రైవరు మొన టోపీ కిందికి దూర్చు. ‘టప్’మంటుంది. పది నిమిషాలాగి మళ్లీ చెయ్యి. ఒక్కసారికి పూర్తిగా పోదు, కొంత మళ్లీ ఊరుతుంది. నా కుర్రతనంలో ఈ రెండోసారి మానేసినాను. కొట్టిన షాకు చీమ కుట్టినంతే. కానీ ఉలిక్కిపడి చెయ్యి లాక్కుంటే మోచెయ్యి ట్యూబు మెడకు తగిలింది. ‘స్స్’మని గాలి లోపలికి పోయింది. గిరాకీ మనిషికి కొత్త ట్యూబు కొనిచ్చేసరికి నెల సంపాదన హరీమంది.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మానిటర్ చాసిస్‌కు సీరీస్ బల్బు పెట్టు, అంటే కరెంటు ఆ బల్బు గుండానే పోవాల. వంద వాట్ల పాత ఫిలమెంటు బల్బే, ఎల్ఈడీ పనికిరాదు. భగ్గున వెలిగి మందగిస్తే మంచిదే. అట్లాగే మండుతూ ఉంటే ఎక్కడో షార్టు, ఆపెయ్. బొమ్మ వంకర పోతే కండెన్సర్లు పోయినట్టు, తడితే వచ్చిపోతుంటే డ్రై సోల్డరు, అంటే పట్టు వదిలిన అతుకు.

గేము బోర్డుకు కావాల్సింది 5 వోల్టులు. సప్లై దగ్గర కొలిచి సంబరపడొద్దు, బోర్డు దగ్గర కొలువు. మధ్యలో నల్లబడిన కనెక్టరు కొంత మింగేస్తుంది. ముందు అది శుభ్రం చెయ్యి, తర్వాతే సప్లై మీది వోల్టేజీ స్క్రూ తిప్పు. చిప్పుల మీది స్టిక్కర్లు పీకొద్దు. కింద గాజు కిటికీ ఉంటుంది, అందులోంచి ఎండ పడుతూ ఉంటే ఆట మెల్లగా చెరిగిపోతుంది. అసలే మీది అనంతపురం.

స్టీరింగు కారును ఒక పక్కకే లాగుతుంటే పాట్, అదే చక్రంతో తిరిగే వాల్యూమ్ కంట్రోలు లాంటిది, అరిగినట్టు. దీనికి అంకెల మీటరుకన్నా సూది మీటరు మేలు. చక్రం మెల్లగా తిప్పుతుంటే సూది కూడా మెల్లగా పోవాల. మధ్యలో ఎగిరిందా, మార్చెయ్. గేరుకు లో, హై అని రెండే, స్విచ్చు మారిస్తే సరి. నీది కదలని రకం కాబట్టి బతికిపోయినావు, కదిలేదానికి సీటు కింద మోటారు గొడవ కూడా ఉంటుంది.

చెక్క సంగతి ఫోటోలోనే తెలుస్తుంది, అడుగున చెదలు. గట్టి చెక్క తగిలేదాకా కోయించి కొత్త ప్లైవుడ్డు అతికించు. కింద నాలుగు కడప బండ ముక్కలు వెయ్యి, నేలకు ఆనించొద్దు. పక్కల బొమ్మలు గీకేముందు ట్రేసింగ్ కాగితం మీద ఎత్తుకో. సీటు మాత్రం నువ్వు కుట్టొద్దు, ఆటో సీట్లు కుట్టేవాళ్లకిస్తే సాయంత్రానికల్లా ఇస్తారు.

పెద్ద దర్గా ఉరుసు అయినాక సూది మీటరు తీసుకొని వస్తాను. అంతదాకా ఆ రబ్బరు టోపీ జోలికి పోవద్దు. సీటు బోల్టులు బిగించేటప్పుడు ఒక గుంత వెనక్కి జరిపి పెట్టు, నా మోకాళ్లు ఇప్పుడు అంతగా మడతపడవు.

మీ మామ,
కడప