హాస్టల్ పిల్లలకి నాటకం, పాట నేర్పితే నిజంగా ఉపయోగం ఉంటుందా?

మీ ఊరి సంక్షేమ హాస్టల్లో పిల్లలకి ఆదివారాలు నాటకం, పాట నేర్పాలనుకుంటున్నానని, "వాళ్ళకి కావాల్సింది లెక్కలూ ఇంగ్లీషూ, ఈ తైతక్కలు కాదు" అని స్నేహితులు నిరుత్సాహపరుస్తున్నారని రాశారు. ఆ మాట నాకు ఒక వార్డెన్ గారే మొహం మీద చెప్పారు. నేను గుంటూరు వైపు హాస్టళ్ళలో కొన్నేళ్ళుగా బుర్రకథ నేర్పుతున్నాను. ఉపయోగం ఉందండీ. కాకపోతే ఏం నేర్పుతున్నాం, ఎవరికి నేర్పుతున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు ఏది పనికిరాదో చెప్తాను. వార్షికోత్సవానికి వారం ముందు డాన్స్ మాస్టర్ని పిలిపించి, సినిమా పాటకి నాలుగు స్టెప్పులు నేర్పి, అద్దె డ్రెస్సులు తొడిగి ఆడించడం. ఆ పూట పిల్లలకి సరదాగానే ఉంటుంది, కాదనను. కానీ ముందు వరుసలో ఉండేది ఎప్పుడూ చురుగ్గా ఉండే ఆ నలుగురే. మిగతావాళ్ళు కుర్చీలు మోస్తారు. ఎవరికి ధైర్యం రావాలో వాళ్ళు ఆ ఏడాది కూడా కుర్చీల దగ్గరే ఉంటారు.

నేను బుర్రకథ పట్టుకోవడానికి ఒక కారణం ఖర్చు లేకపోవడం. ముగ్గురుంటే చాలు. మధ్యలో కథకుడు, చెరోపక్క వంతలు (వంత పాడేవాళ్ళు), వాళ్ళలో ఒకరిది హాస్యం, ఇంకొకరిది రాజకీయం. వంతలు వాయించే గుమ్మెటలు దొరికేదాకా మేం ప్లాస్టిక్ బిందె బోర్లించి దరువు వేశాం. రెండో కారణం, ఇది మా ప్రాంతపు కళ. షేక్ నాజర్ గారిది గుంటూరు దగ్గర పొన్నెకల్లు. పేద దూదేకుల ఇంట్లో పుట్టి, బుర్రకథతో ఊళ్ళకి ఊళ్ళని కూర్చోబెట్టి, 1986లో పద్మశ్రీ అందుకున్నారు. ఈ సంగతి పిల్లలకి చెబితే "మన పక్క ఊరే కదా సార్" అని ఒక్కసారిగా సర్దుకుని కూర్చుంటారు.

అసలు కారణం మాత్రం "తందాన తాన". ఆరో తరగతిలో చేరిన ఒక అబ్బాయి హాజరు పిలిస్తే చెయ్యెత్తేవాడు తప్ప నోరు విప్పేవాడు కాదు. వాణ్ణి కథ చెప్పమని ఉంటే మర్నాడు మళ్ళీ కనపడేవాడు కాదు. అందరితో కలిసి వెనకనుంచి తందాన అనమన్నాను, అంతే. గుంపులో ఎవరి గొంతు ఏదో తెలీదు కాబట్టి అన్నాడు. తర్వాత ఒక్కో ఆదివారం ఆ గుంపుని తగ్గిస్తూ వచ్చాను. ఇద్దరే మిగిలేసరికి వాడి గొంతు బయటపడింది, అప్పటికి వాడికి భయం పోయింది. గొప్ప కథకుడేమీ కాలేదు. క్లాసులో లేచి డౌట్ అడుగుతున్నాడట. లెక్కలు రావాలన్నా ముందు అది కావాలి కదా! మీ స్నేహితులకి నా జవాబు ఇదే.

ఇంకో సంగతి హాస్యం వంతది. పల్నాటి యుద్ధంలో కోడిపందెం ఘట్టం చెబుతున్నారు. బ్రహ్మనాయుడి కోడి ఓడిపోయింది, ఊరొదిలి పోవాలి, కథకుడు బాధగా గొంతు తగ్గించాడు. హాస్యం కుర్రాడు అందుకున్నాడు: "ఓడిన కోడిని ఏం చేశారు? మా హాస్టల్‌కి పంపించండి, కూరలో ముక్క చూసి చాలా రోజులైంది." రాజకీయం వంత: "మెనూ బోర్డు మీద రాసి ఉంది కదరా!" వాడు: "బోర్డు మీదుంది, పళ్ళెంలోకి రాలేదు." పిల్లలంతా ఘొల్లుమన్నారు. ఎదురుగా కుర్చీలో వార్డెన్, పక్కన పైఆఫీసరు. నాకు టెన్షన్ వచ్చింది గానీ, ఆఫీసరు నవ్వారు, దాంతో వార్డెన్ కూడా నవ్వక తప్పలేదు. ఆ తర్వాత కూర కొంచెం బాగుపడింది. అదే మాట కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే ఆ పిల్లాడికి చీవాట్లు పడేవి. 1943లో మొదలైన వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి బుర్రకథని జనంలోకి తీసుకెళ్ళింది ఈ బలం చూసే. కథ పాతదైనా వంతల నోట ఇవాళ్టి మాట వస్తుంది. ఆ జోకులు మీరు రాసివ్వకండి, పిల్లలకే వదిలేయండి. మనం రాస్తే నీతులు వస్తాయి.

ఇక డప్పు గురించి కాస్త వివరంగా చెప్పాలి. "మీ ఇంట్లో ఎవరికి డప్పు వచ్చు?" అని క్లాసులో ఎప్పుడూ అడగకండి. ఒక పిల్లాడు బెంచీ మీద వేళ్ళతో వేసే దరువు వింటేనే తెలిసిపోయింది వాడికి వచ్చని. అడిగితే రాదన్నాడు. ఎందుకంటాడు మరి? చావులకీ చాటింపులకీ పిలిపించి, దూరంగా నిలబెట్టి కొట్టించిన వాద్యం అది. నాన్న పని పేరుతో బడిలో ఎగతాళి పడ్డ పిల్లలున్నారు. అందుకని అనుభవమున్న డప్పు కళాకారుణ్ణి ఒకాయన్ని పిలిచాం. ఇవ్వాల్సిన డబ్బు ముందే ఇచ్చి, కుర్చీ వేసి, మాస్టారూ అని పిలిచాం. అన్ని కులాల పిల్లల చేతికీ డప్పు ఇచ్చాం. మొదటిరోజు వాయించడమే లేదు. గడ్డి మంట వేసి, డప్పుకి సెగ చూపించి, చర్మం బిగిశాక మోత ఎలా మారుతుందో వినిపించారాయన. తర్వాత ఒక చేతిలో సిర్ర అనే కర్ర, ఇంకో చేతిలో చిటికెన పుల్ల పట్టుకోవడం. మిగతావాళ్ళు తడబడుతుంటే మన వాడు ఎక్కువసేపు ఉండబట్టలేక "అలా కాదురా" అని లాక్కున్నాడు. ఎస్సీ పిల్లలకి డప్పు, మిగతావాళ్ళకి కూచిపూడి అని పంచే కార్యక్రమాలు నేను చూశాను. దానికంటే అసలు మొదలుపెట్టకపోవడమే మేలు.

మార్కులు పెరుగుతాయని మాత్రం ఎవరికీ మాటివ్వకండి. పెరిగినవాళ్ళూ ఉన్నారు, పెరగనివాళ్ళూ ఉన్నారు. పెద్దయ్యాక కళాకారులవుతారన్న ఆశ కూడా పెట్టొద్దు, దీంతో బతకడం ఎంత కష్టమో మనకి తెలుసు. పదో తరగతి వాళ్ళని సంక్రాంతి తర్వాత వదిలేయండి. ఆడపిల్లలైతే వాళ్ళ అమ్మల్ని రిహార్సల్‌కి పిలవండి, చూశాక సగం అనుమానాలు వాటంతటవే పోతాయి. దాతలు వస్తే "నిరుపేద బాలల ప్రతిభ" అని బ్యానర్ కడతామంటారు, ఒప్పుకోకండి. పిల్లలు ఆ బ్యానర్ చదవగలరు!

బాగా పట్టున్న పిల్లలు కనపడితే కేంద్ర సాంస్కృతిక శాఖ కింద పనిచేసే సీసీఆర్‌టీ వాళ్ళ కల్చరల్ టాలెంట్ సెర్చ్ స్కాలర్‌షిప్ చూడండి. 10 నుంచి 14 ఏళ్ళ వాళ్ళకిస్తారు, సంప్రదాయ కళాకారుల కుటుంబాల పిల్లలకి అందులో విడిగా కొన్ని ఉంటాయి. 9 నుంచి 12 తరగతుల వాళ్ళకైతే కేంద్రం 2015 నుంచి కళా ఉత్సవ్ పోటీలు పెడుతోంది, స్కూలు ద్వారా వెళ్ళాలి.

వార్డెన్‌ని అడిగేటప్పుడు స్టడీ అవర్ జోలికి పోకండి, అక్కడే గొడవ మొదలవుతుంది. ఆదివారం పొద్దున పిల్లలు బట్టలుతుక్కుంటారు, ఊళ్ళ నుంచి అమ్మానాన్నలు చూడ్డానికి వస్తారు. మధ్యాహ్నం మూడింటికి అడగండి, కాదనరు.