నాన్నగారి యుద్ధకాలపు మాటలను పదిలపరచడం గురించి

సైనిక్‌పురి,
సికింద్రాబాద్.

చి.ల.సౌ. మాధవికి,

బాబాయి ఆశీస్సులు. మీ నాన్నగారు 1971 యుద్ధంలో అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని టాంగైల్ దగ్గర ప్యారాచూట్‌తో దిగిన నాటి సంగతులన్నీ రికార్డు చేసి దాచాలనుకుంటున్నావని మీ పిన్ని చెప్పగా విని ఎంతో సంతోషించాను. మా పెద్దన్నయ్య మాటలనూ, మా కాలనీలోని మరికొందరు మాజీ సైనికుల మాటలనూ నమోదు చేసిన అనుభవం ఉన్నవాణ్ణి కనుక, నాకు తెలిసినది నీకు రాస్తున్నాను.

యుద్ధ చరిత్రను నువ్వు మళ్ళీ రాయనక్కరలేదు. 1971 డిసెంబరు 11 సాయంత్రం లెఫ్టినెంట్ కర్నల్ కుల్వంత్ సింగ్ పన్నూ నాయకత్వంలో 2 ప్యారా బెటాలియన్ దళం దిగిందనీ, పూంగ్లీ వంతెనను పట్టుకుని మైమన్‌సింగ్ నుంచి ఢాకాకు వెనుదిరుగుతున్న పాకిస్తాన్ బ్రిగేడ్‌కు దారి మూసిందనీ, 16వ తేదీన ఢాకాలో లొంగుబాటు జరిగిందనీ పుస్తకాల్లో ఉంది. విమానంలో మీ నాన్నగారికి ముందు ఎవరు నిలబడ్డారో, నేలమీద పడ్డాక చీకట్లో తనవాళ్ళను ఎలా వెతుక్కున్నారో, ఆ రాత్రి ఏం తిన్నారో మాత్రం ఆయన ఒక్కరే చెప్పగలరు. నీకు కావలసినది అదే.

కాబట్టి "అప్పుడు మీకెలా అనిపించింది నాన్నా?" అని మొదలుపెట్టకు. "ఏముందమ్మా, డ్యూటీ చేశాం" అనేసి ఊరుకుంటారు. ఆ రోజు పొద్దున లేచినప్పటి నుంచి వరుసగా అడుగు: విమానం ఎక్కింది డమ్‌డమ్‌లోనా, కలైకుండాలోనా? ఆ విమానం డకోటా రకమా, ప్యాకెట్ రకమా? వీపు మీద, ఛాతీ మీద, కాలికి ఏమేం కట్టుకున్నారు? దిగినచోట పొలమా, చెరువా? పెట్టెలు మోయడానికి ఊళ్ళోవాళ్ళు వచ్చారా? ఇలాంటి చిన్న ప్రశ్నలకు జవాబు చెబుతూండగానే, అడగని సంగతులు వాటంతటవే బయటికి వస్తాయి.

వీలైతే కొన్నిసార్లు వీడియో కూడా తియ్యి. మా కాలనీలో ఒక పెద్దాయన స్టాటిక్ లైన్ (దూకగానే ప్యారాచూట్ తెరుచుకునేలా విమానంలోని తీగకు తగిలించే పట్టీ) గురించి చెబుతూ మాట మధ్యలో ఆపి, కుడిచేయి తలపైకెత్తి, లేని తీగకు లేని కొక్కెం తగిలించి, రెండుసార్లు గట్టిగా లాగి చూసి, ఆ తరువాత ఎదుట ఎవరో ఉన్నట్టు ఆ మనిషి వీపు మీది కట్లను వేళ్ళతో తడిమారు. శరీరానికి గుర్తున్నది నోటితో చెప్పడం ఆయనకు సాధ్యమయ్యేది కాదు. మీ నాన్నగారి చేతుల మీద కూడా దృష్టి పెట్టు.

ఉదయం ఫలహారం అయ్యాక, ఎండ ముదరకముందు కూర్చోండి. ఫ్యాను ఆపితేనే మాట స్పష్టంగా వస్తుంది. మన ఊళ్ళో ఏప్రిల్ దాటితే అది కుదరదు కనుక చలికాలంలోనే ఎక్కువ భాగం పూర్తి చేసుకో. వంటింట్లో కుక్కరు ఉంటే తలుపు వేసుకో. ఫోనుకు కాల్స్ రాకుండా చేసి, ఆయనకు దగ్గరగా పెట్టు. ఆయన అలసిపోకముందే నువ్వే ఆపు.

ఆయన తెలుగులో ఫౌజీ హిందీ కలుస్తుంది. రాసేటప్పుడు దాన్ని సరిదిద్దకు. ఆయన చెప్పిన తేదీకో, సంఖ్యకో పుస్తకంతో పొత్తు కుదరకపోతే మాట మధ్యలో అడ్డుపడకు; ఆయన చెప్పింది చెప్పినట్టే ఉంచి, పక్కన నీ గమనిక వేరుగా రాసుకో. అచ్చయినదంతా నిజమనీ అనుకోవద్దు. ఆ రోజుల్లో టాంగైల్‌లో 5000 మంది దిగారన్న వార్త విదేశాల దాకా వెళ్ళింది, దిగినవారు నిజానికి వెయ్యికి లోపే.

చనిపోయిన స్నేహితుల ప్రస్తావన వస్తే ఆయన మౌనంగా ఉండిపోవచ్చు. ఆ మౌనాన్ని ప్రశ్నతో నింపకు, ఆయన కదిలేదాకా ఆగు. "ఇది బయట పెట్టొద్దమ్మా" అన్న మాటను బయట పెట్టకు. ఆయన తరువాత కూడా పెట్టకు. ఈ ఒక్క విషయంలో నేను మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఎందుకంటే నమ్మి చెప్పిన మాటను కుటుంబంలోవాళ్ళే ఊరంతా చాటిన ఇళ్ళు చూశాను.

వస్తువుల సంగతి. డిశ్చార్జి పుస్తకం, పూర్వీ స్టార్, సంగ్రామ్ మెడల్, ఏపీఓ (సైనిక తపాలా) ముద్రలున్న ఉత్తరాలు, ఫొటోలు అన్నీ ముందు రెండు వైపులా స్కాన్ చేయించు. ఉత్తరం మీది తపాలా ముద్ర తేదీయే ఒక్కోసారి సంఘటనల వరుసను తేలుస్తుంది. ఫొటోలకు లామినేషన్ చేయించకు, సెల్లోటేపు అంటించకు. వెనుక పేర్లు రాయాలంటే మెత్తని పెన్సిలుతో, నాన్నగారు పక్కనుండగానే రాయి. ఎవరెవరో గుర్తుపట్టేది ఆయనే. వానాకాలపు తేమ తగలకుండా సిలికాజెల్ పొట్లాలు వేసిన డబ్బాలో, నేలకు ఎత్తుగా పెట్టు. రికార్డింగుల ప్రతి ఒకటి నీ దగ్గర, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న మీ తమ్ముడి దగ్గర, ఒకటి క్లౌడ్‌లో ఉండాలి.

డిసెంబరు 16న విజయ్ దివస్‌కు పరేడ్ గ్రౌండ్ దగ్గరి సైనిక స్మారకానికి ఆయనను తీసుకువెళ్ళు. పాత సహచరులు కనిపిస్తే ఫోను నంబర్లు తీసుకుని, వాళ్ళతో మరొక రోజు విడిగా మాట్లాడు. అందరూ కలిసి కూర్చుంటే ఒకరి జ్ఞాపకం ఇంకొకరిది అయిపోతుంది. అంతా అయ్యాక, నాన్నగారు సరేనంటే, ఒక ప్రతిని బెంగళూరులోని ప్యారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రానికి ఇస్తామని ఉత్తరం రాద్దాం. చిత్తు ప్రతి నేను చూసిపెడతాను.

ఆశీస్సులతో,
బాబాయి