మేనకోడలి సీటు గురించి తమ్ముడికి

హన్మకొండ

తమ్ముడూ,

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగింది రెండు ముక్కల్లో తేలేది కాదు, అందుకే కూర్చొని రాస్తున్నా. కోడలు ఎంపీసీ మంచి మార్కులతోనే పాసైంది, ఎప్‌సెట్ ర్యాంకు మాత్రం నలభై వేలు దాటింది. హైదరాబాద్ కాలేజీవాళ్లు కంప్యూటర్ సైన్స్ సీటు గ్యారంటీ అంటున్నారు. ఫీజు సర్కారే కట్టే రీయింబర్స్‌మెంట్ పథకం ఉంది కాబట్టి నీకు పెద్దగా భారం పడదని కూడా అంటున్నారు. నువ్వేమో సగం ఒప్పేసుకున్నట్టే మాట్లాడావు. ఏ చదువుకు ఏ ఉద్యోగం వస్తుందో చెప్పే తెలివి నాకు లేదు. సర్కారు డిగ్రీ కాలేజీ ఆఫీసులో చేరినప్పటి నుంచి రిటైరయ్యేదాకా అడ్మిషన్లు, స్కాలర్‌షిప్పుల టేబుల్ మీదే పనిచేశాను కాబట్టి, పైసలు ఎటు నుంచి వస్తాయో, ఎక్కడ ఆగిపోతాయో మాత్రం తెలుసు.

నేను చెప్పేది ఒక్కటే. రీయింబర్స్‌మెంట్ రాదు అనుకొని లెక్క వెయ్యి. అది రాకపోయినా నువ్వు కట్టగలిగిన చోటే పిల్లను చేర్పించు.

ముందు ఆ హైదరాబాద్ సీటు లెక్క చూద్దాం. ఫీజు లక్షా పదివేలు అన్నావు. మనం బీసీలం, పిల్ల ర్యాంకు పదివేలు దాటింది, కాబట్టి ఇంజనీరింగ్‌కు సర్కారు ఇచ్చేది ఏడాదికి 35 వేలు మించదు. పదివేల లోపు ర్యాంకు వచ్చినవాళ్లకు, ఎస్సీ ఎస్టీ పిల్లలకు మొత్తం ఫీజు ఇస్తారు, మనకు ఇవ్వరు. ఈ మాట ఆ కాలేజీ మనిషి నీకు చెప్పాడా? మిగతా 75 వేలు నువ్వే కట్టాలి. నాలుగేళ్లకు మూడు లక్షలు. హాస్టల్ నెలకు ఏడు వేలు వేసుకున్నా, పది నెలల చొప్పున ఇంకో రెండు లక్షల ఎనభై వేలు. పరీక్ష ఫీజులు, ల్యాప్‌టాప్, రాకపోకలు, అక్రెడిటేషన్ అనీ స్పెషల్ అనీ పేర్లు పెట్టి వసూలు చేసేవి వేరే. ఆరు లక్షలు దాటింది. ఇదంతా ఆ 35 వేలు ఏటా సక్రమంగా వస్తేనే. రాకపోతే చివర్లో నీ మీద పడేది ఇంకో లక్షా నలభై వేలు. నీకున్నది మూడెకరాల పత్తి.

అది సరే, సర్కారు ఇస్తానన్నది ఇవ్వకుండా ఉంటుందా అంటావు. ఇస్తుంది, ఎప్పుడిస్తుందన్నదే తెలియదు. ఈ పథకం 2008 ప్రాంతంలో వచ్చినప్పుడు మన చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీలు ఎట్లా లేచాయో నువ్వే చూశావు కదా, నర్సంపేట రోడ్డు మీద, హసన్‌పర్తి అవతల. బిల్లులు ఆగడం మొదలయ్యాక వాటిలో కొన్నింటి గేట్లకు తాళాలు పడ్డాయి. ప్రభుత్వాలు మారినా బకాయిలు మాత్రం మారలేదు. 2025 నవంబరులో రాష్ట్రమంతా ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిలు ఇవ్వాల్సిందేనని బంద్ పెట్టాయి. వాళ్లకు జీతాలు ఇవ్వాలి, బ్యాంకు కిస్తీలు కట్టాలి, వాళ్ల బాధ కూడా అబద్ధం కాదు. కాకపోతే ఆ బాధ చివరికి దిగేది పిల్లల మీదే.

ఎట్లా దిగుతుందో చెప్తా విను. మా దగ్గర పీజీలో చేరడానికి వచ్చే పిల్లల్లో ప్రైవేటులో డిగ్రీ చదివి వచ్చినవాళ్లు చాలామందే ఉండేవారు. ఒరిజినల్ టీసీ పెట్టమ్మా అంటే బ్యాగులోంచి జిరాక్స్ తీసేవాళ్లు. ఒరిజినల్ ఏదంటే తల వంచుకునేవాళ్లు. అక్కడ రిజిస్టర్‌లో పిల్ల పేరు ఎదురుగా మూడేళ్ల ఆర్‌టీఎఫ్ (అదే, ఫీజు రీయింబర్స్‌మెంట్) బకాయి ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. ‘ఇప్పుడు మీరు కట్టండి, సర్కారు ఇచ్చాక వాపసు ఇస్తాం’ అంటారు. సీటు పోతుందన్న టెన్షన్‌తో తల్లి మెడలోది కుదువ పెట్టి కట్టినవాళ్లు ఉన్నారు. వాపసు వచ్చిందో లేదో నేను అడగలేదు.

ఇక సీట్లు దొరకవేమోనన్న భయం ఉంటే అది తీసి పక్కన పెట్టు. కేంద్రం వేసిన 2021-22 సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆ వయసు యువత లక్ష మందికి 52 కాలేజీలున్నాయి, దేశం సగటు 30. పై చదువుకు వెళ్లే పిల్లలు కూడా మన దగ్గర ఎక్కువే. 18 నుంచి 23 ఏళ్లవాళ్లలో దేశం మొత్తం మీద వందకు 28 మంది చేరుతుంటే మన దగ్గర 40 మంది. అయినా డిగ్రీలో దోస్త్ కింద, అంటే సర్కారు ఆన్‌లైన్‌లో సీట్లిచ్చే పద్ధతి కింద, నాలుగు లక్షలకు పైగా సీట్లుంటే ఏటా సగం దాకా మిగిలిపోతున్నాయి. కాలేజీకి పిల్లలు కావాలి కాబట్టే ఆ పీఆర్‌ఓ, అంటే పిల్లలను చేర్పించడానికి ఊళ్లు తిరిగే కాలేజీ మనిషి, మీ వాకిట్లో కూర్చొని చాయ్ తాగుతున్నాడు. పిల్ల మీద ప్రేమతో కాదు.

ఈ పీఆర్‌ఓల సంగతిలో జర జాగ్రత్త. దోస్త్ 2016లో మొదలైనప్పుడు అన్ని సీట్లూ ఆన్‌లైన్‌లోనే కదా, ఇక ఈ బేరాలు బంద్ అనుకున్నాం. వాళ్లు దానికీ దారి కనిపెట్టారు. ‘రిజిస్ట్రేషన్ మేమే చేస్తాం, రెండు వందలు కూడా మేమే కడతాం’ అని పిల్ల ఆధార్, హాల్‌టికెట్ నంబరు తీసుకుంటారు. ఫోన్‌కు ఓటీపీ వస్తే చెప్పమంటారు. అది చెప్పావంటే వెబ్ ఆప్షన్లలో వాళ్ల కాలేజీ ఒక్కటే పెట్టి మూసేస్తారు. ఇంకో ఆప్షన్ లేకపోతే సీటు అక్కడే పడుతుంది. ఏడుస్తూ హెల్ప్‌లైన్ సెంటర్‌కు వచ్చిన పిల్లలకు మేము చేయగలిగింది తర్వాతి విడత వరకు ఆగమనడమే. కాబట్టి ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని మరదలికీ చెప్పు, ఎందుకంటే ఫోన్ ఆమె దగ్గరే ఉంటుంది.

‘కాలేజీకి రాకపోయినా ఏం కాదు, పరీక్షలు రాస్తే చాలు’ అనేవాళ్లు కూడా వస్తారు. డెబ్బై ఐదు శాతం హాజరు లేకపోతే రీయింబర్స్‌మెంట్ రూలే ఒప్పుకోదు. అంటే హాజరు వాళ్లే వేస్తారన్నమాట. అసలు బడికే పోని చదువుకు మూడేళ్లు ఎందుకు?

ఇప్పుడు మన సర్కారు కాలేజీల మాట. నేను అందులో పనిచేసినదాన్ని కాబట్టి పొగుడుతాననుకోకు. రెగ్యులర్ లెక్చరర్లు రిటైరవుతూ పోయారు, వాళ్ల స్థానంలో కాంట్రాక్టువాళ్లు, గెస్టువాళ్లు వచ్చారు. యూనివర్సిటీలోనూ అదే కథ. 1976లో పెట్టిన మన కాకతీయ యూనివర్సిటీలో ఇవాళ ఎన్ని డిపార్ట్‌మెంట్లలో పర్మనెంట్ ప్రొఫెసర్లు ఉన్నారో వెళ్లి చూస్తే నీకే తెలుస్తుంది. చిన్న ఊళ్ల డిగ్రీ కాలేజీల్లో బీఏ సెక్షన్లు పలచబడ్డాయి, తెలుగు మీడియం ఒక్కొక్కటే మూతపడింది, అందరూ బీకాం కంప్యూటర్స్ వైపు నడిచారు. హన్మకొండలో కేడీసీ (కాకతీయ డిగ్రీ కాలేజీ), ఆడపిల్లలకు పింగిళి కాలేజీ మాత్రం ఆ బాపతు కాదు. రెండూ అటానమస్, అంటే సిలబస్, పరీక్షలు సొంతంగా నడుపుకుంటాయి. వాటిలో కావాల్సిన గ్రూపులో సీటుకు పోటీ కూడా ఉంటుంది. ఒక సంగతి నాకు సంతోషం కలిగించేది చెప్తా. నేను కొత్తగా చేరినప్పుడు అప్లికేషన్ల కట్టల్లో ఆడపిల్లలవి వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు డిగ్రీలో చేరేవాళ్లలో మగపిల్లల కంటే వాళ్లే ఎక్కువ.

ఆ రెండు కాలేజీల్లో ఏడాదికి ట్యూషన్, స్పెషల్ ఫీజులు అన్నీ కలిపినా కొన్ని వేలల్లోనే అయిపోతుంది. సర్కారు బోర్డు ఉన్నంత మాత్రాన అన్నీ చవక అనుకోకు. ఈ మధ్య ప్రభుత్వ కాలేజీల్లో, యూనివర్సిటీల్లో కొత్త కోర్సులు చాలావరకు సెల్ఫ్ ఫైనాన్స్ కింద, అంటే పిల్లల ఫీజుల మీదే నడిచేలా, పెడుతున్నారు. అదే బిల్డింగు, పక్క గదిలోనే క్లాసు, ఫీజు మాత్రం ఎన్నో రెట్లు. కోర్సు పేరు పక్కన సెల్ఫ్ ఫైనాన్స్ అని ఉందేమో, దానికి రీయింబర్స్‌మెంట్ ఎంత వర్తిస్తుందో ఆప్షన్ పెట్టకముందే అడగాలి.

చేర్చేముందు పిల్లను తీసుకొని ఒక మామూలు పనిదినం మధ్యాహ్నం రెండు గంటలకు కాలేజీకి వెళ్లు. పొద్దున ఏ కాలేజీ అయినా కళకళలాడుతుంది. బస్సుల టైమని పిల్లలు వెళ్లిపోయాక కూడా క్లాసులు జరుగుతున్నాయా అన్నదే అసలు పరీక్ష. నోటీసు బోర్డు మీద టైంటేబుల్ ఉంటుంది, కంప్యూటర్ సైన్స్ గడులు ఖాళీగా ఉన్నాయా, ఎదురుగా లెక్చరర్ పేరుందా చూడు. ల్యాబ్‌లో సిస్టమ్‌ల మీద దుమ్ము కప్పుందా, ఒక్కో దాని ముందు ఎంతమంది కూర్చుంటున్నారో చూడు. సెకండియర్ పిల్లలను అడుగు, వాళ్లు దాచరు. హైదరాబాద్ కాలేజీకైనా ఇదే పద్ధతి. ఎనుమాముల మార్కెట్లో తేమ ఎంత, తరుగు ఎంత అని వందసార్లు అడిగే మనిషివి, ఫీజు దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకోకు. మొత్తం ఎంత, దేనికెంత, చేరిన ఏడాది ఫీజే చివరిదాకా ఉంటుందా, అన్నీ కాగితం మీద రాసిమ్మను. రాసివ్వనన్నాడంటే లేచి వచ్చెయ్.

పిల్లకు ఇంజనీరింగే కావాలంటే వద్దనను. కౌన్సెలింగ్‌లో కన్వీనర్ కోటాలోనే, అంటే ర్యాంకు ప్రకారం సర్కారు ఇచ్చే సీటే, తీసుకో. కాలేజీవాళ్లే ఇచ్చుకునే మేనేజ్‌మెంట్ కోటా సీటుకు రీయింబర్స్‌మెంట్ అసలే లేదు, ఆ మనిషి ఏ సీటు గురించి మాట్లాడుతున్నాడో ముందు అది తేల్చుకో. ఆప్షన్లలో కాకతీయ యూనివర్సిటీ క్యాంపస్ కాలేజీ, జగిత్యాల జేఎన్‌టీయూ, మంథని జేఎన్‌టీయూ పైన పెట్టించు. ఆ ర్యాంకుకు కంప్యూటర్స్ రాకపోవచ్చు, వేరే బ్రాంచి వస్తే పిల్లకు ఇష్టమేనా అడుగు. ప్రైవేటులో ఫీజులు 2022లో సవరించినప్పుడు కనీస ఫీజు 45 వేలు చేశారు, పెద్ద కాలేజీల్లో లక్షన్నర దాటింది. 45 వేల కాలేజీలో నీ చేతి నుంచి పోయేది ఏడాదికి పదివేలే. కాకపోతే వాటిలో మంచివీ ఉన్నాయి, గోడలు తప్ప ఏమీ లేనివీ ఉన్నాయి. మధ్యాహ్నం రెండు గంటల పరీక్ష వాటికి మరీ అవసరం.

నా మనసులో మాట అడిగితే, కేడీసీలోనో పింగిళిలోనో బీఎస్సీ కంప్యూటర్స్ చేయించి, తర్వాత ఐసెట్ ఎంట్రన్స్ రాసి ఎంసీఏ, అంటే కంప్యూటర్స్‌లో పీజీ, చేయమంటా. ఎంసీఏ ఇప్పుడు రెండేళ్లే. నాలుగేళ్ల బీటెక్ కంటే ఒక ఏడాది ఎక్కువ పడుతుంది, ఖర్చు పావు వంతు కూడా కాదు. నా దగ్గరే ఉంటుంది, మొహమాటమైతే బీసీ వెల్ఫేర్ కాలేజీ హాస్టల్‌కు అప్లై చేద్దాం.

చిన్నోడి గురించి కూడా ఇప్పుడే ఆలోచించు, వాడు పదో తరగతికి వస్తున్నాడు. బాసర ట్రిపుల్ ఐటీకి పదో తరగతి మార్కులే ఆధారం, సర్కారు బడి పిల్లలకు అదనపు పాయింట్లు కూడా ఇస్తారు. మన కాజీపేట ఎన్‌ఐటీలో సగం సీట్లు రాష్ట్రం పిల్లలకే. 2016లో అక్కడ ట్యూషన్ ఫీజు 70 వేల నుంచి లక్షా పాతిక వేలకు పెంచినప్పుడు అందరూ గుండెలు బాదుకున్నారు గానీ, ఏడాది ఆదాయం లక్ష లోపు ఉన్న ఇంటి పిల్లలకు మొత్తం ట్యూషన్ మాఫీ, ఐదు లక్షల లోపు వాళ్లకు మూడింట రెండొంతులు మాఫీ. ఆ గేటు ముందు నుంచే బస్సులో పోతూ ఈ సంగతి తెలియనివాళ్లు ఎంతమందో.

అప్పు చేయక తప్పదంటే షావుకారు గడప తొక్కకు. ఏడున్నర లక్షల లోపు చదువు లోనుకు భూమి కాగితాలు తాకట్టు అడగకుండా బ్యాంకులకు సర్కారు గ్యారంటీ పథకం ఉంది. మేనేజర్ విసుక్కుంటే అప్లికేషన్ ఆన్‌లైన్‌లో విద్యాలక్ష్మి పోర్టల్‌లో పెట్టు.

కాగితాల పని మాత్రం ఇవాళే మొదలుపెట్టు. ఆదాయ సర్టిఫికెట్ ఈ ఏడాదిది కావాలి, పల్లెల్లో బీసీలకు పరిమితి లక్షన్నర. కుల సర్టిఫికెట్‌లో పేరు, టెన్త్ మెమోలో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా ఉండాలి. నేను చూసిన స్కాలర్‌షిప్పుల్లో సగం ఆగింది ఇంటిపేరు పొట్టి చేసి రాయడం దగ్గరే. పిల్ల బ్యాంకు ఖాతాకు ఆధార్ లింకు చేయించు. స్కాలర్‌షిప్పుల వెబ్‌సైట్ ఈపాస్‌లో అప్లికేషన్ పెట్టాక మీసేవలో వేలిముద్ర వేసి, ఆ ప్రింటు కాలేజీలో ఇచ్చి సంతకం చేయించుకోవాలి. ఆన్‌లైన్‌లో కొట్టాం కదా అని ఊరుకుంటే అప్లికేషన్ అక్కడే పడి ఉంటుంది.

ఒరిజినల్స్ ఏవీ ఆ పీఆర్‌ఓకు ఇవ్వొద్దు. ఇప్పటికే ఇచ్చి ఉంటే రేపే పోయి తెచ్చుకో. ఆదివారం తర్వాత ఏ రోజైనా పరకాల నుంచి పొద్దున బస్సుకు కోడలిని తీసుకొని రా, టెన్త్, ఇంటర్ మెమోలు, ఆధార్ జిరాక్సులు రెండేసి సెట్లు పెట్టుకో. మధ్యాహ్నం మా ఇంట్లో తిని కేడీసీకి, పింగిళికి వెళ్దాం. మరదలిని కూడా తీసుకొస్తే మంచిదే, ఫోన్ మర్చిపోవద్దని చెప్పు.

నీ
పెద్దక్క